పాప సంచి సర్దావు, మరి నీ సంచి ఏది?

ప్రశ్న: అక్కా, మాది ఖమ్మం. మా ఆయన డాలస్‌లో ఉద్యోగం చేస్తారు. కాన్పుకు అమ్మ దగ్గరికి వచ్చాను. సిజేరియన్ అయింది. పాపకు పాస్‌పోర్టు, వీసా వచ్చాయి. జూన్ రెండో వారంలో హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా డాలస్‌కు టికెట్లు తీసుకున్నారు. అప్పటికి పాపకు ఐదున్నర నెలలు. అమ్మకు వీసా లేదు, నేనొక్కదాన్నే తీసుకెళ్ళాలి. పాపకు నా పాలతో పాటు ఒక పూట డబ్బా పాలు ఇస్తాను. మా అత్తమ్మ అన్నప్రాశన అయ్యాక వెళ్దువులే, అంత పసిదాని చెవులు తట్టుకోలేవు అంటున్నారు. పక్కింటి ఆంటీ దగ్గు మందు కొంచెం వేస్తే దారంతా పడుకుంటుంది అన్నారు. పాప ఏడిస్తే విమానంలో అందరూ ఏమంటారో అని టెన్షన్‌గా ఉంది. పాప సంచిలోకి 34 వస్తువులతో లిస్టు రాసుకుని దీనితో పంపుతున్నాను. ఏమైనా మర్చిపోయానేమో చూసి చెప్పండి. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నీ లిస్టు రెండుసార్లు చదివాను. డైపర్లు, వైప్స్, నాలుగు జతల బట్టలు, టోపీ, సాక్సులు, థర్మామీటర్, గిలక్కాయ, ఆఖరికి దోమతెర కూడా ఉంది. 34 వస్తువుల్లో ఒక్కటీ నీది కాదు. నీకు మంచినీళ్ళ బాటిల్ లేదు, తినడానికి ఏమీ లేదు, మార్చుకోవడానికి ఒక కుర్తా లేదు. ఏమైనా మర్చిపోయానా అని అడిగావు కదా, నువ్వు మర్చిపోయింది నిన్నే.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పన్నెండేళ్ళ కిందట మా బాబుకు నాలుగో నెల నడుస్తుండగా నేనూ ఇలాగే ఒక్కదాన్నే హైదరాబాద్ నుంచి చికాగో బయల్దేరాను. వాడికి ఏ లోటూ రాకుండా సర్దుకున్నాను. రెండో విమానం ఎక్కాక, బాత్రూమ్‌కి వెళ్తే వీణ్ణి ఎవరు పట్టుకుంటారన్న భయంతో నీళ్ళు తాగడమే మానేశాను. భోజనం ట్రే వచ్చినప్పుడల్లా వాడు ఒళ్ళోనే ఉండేవాడు. చల్లారిన అన్నం చల్లారినట్టే వెనక్కి పోయేది. పాలు మాత్రం ఇస్తూనే ఉన్నాను. చికాగోలో దిగి ఇమిగ్రేషన్ క్యూలో నిలబడేసరికి కళ్ళు చీకట్లు కమ్మాయి. బాబును గుండెకు అదుముకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మా వెనకాల, కూతురి పురిటికని వస్తున్న ఒక పెద్దమ్మ ఉంది. ‘ఇటియ్యి తల్లీ’ అని బాబును తన చేతుల్లోకి తీసుకుంది. భుజం సంచిలోంచి ఒక నువ్వుండ తీసి నా చేతిలో పెట్టి, తినేదాకా అక్కడే నిలబడింది. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు. ఆవిడ పట్టుకోకపోతే ఆ రోజు నేను బాబుతో సహా పడిపోయేదాన్ని. ఆ తర్వాత పిల్లలతో చాలాసార్లు అటూ ఇటూ తిరిగాను. ప్రతిసారీ నా సంచే ముందు సర్దుకున్నాను.

ముందు అత్తమ్మ మాట తీసుకుందాం. ఆవిడ భయం ప్రేమతో వచ్చింది, దాన్ని తీసిపారెయ్యకు. కానీ ఐదున్నర నెలలు ప్రయాణానికి మంచి వయసే. 6, 10, 14 వారాల టీకాలు అయిపోయి ఉంటాయి. మెడ నిలబడుతుంది. ఇంకా పాకదు. తాగేది పాలే కాబట్టి వండే పని, తినిపించే పని లేదు. పది నెలల పిల్లను పదహారు గంటలు ఒళ్ళో కూర్చోబెట్టడం దీనికి రెండింతలు కష్టం, నేను రెండూ చేశాను. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు గానీ డబ్బా పాలు గానీ చాలు కనుక అన్నప్రాశనకు తొందరేమీ లేదు. డాలస్‌లోనే చేసుకోవచ్చు. ముహూర్తం అత్తమ్మనే చూడమను, వెండి గిన్నె ఆవిడ చేత్తోనే ఇచ్చి పంపమను.

బయల్దేరడానికి మూడు నాలుగు రోజుల ముందు పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించు. చెవులు, ముక్కు చూడమని ప్రత్యేకంగా అడుగు. చెవిలో ఇన్ఫెక్షన్ గానీ జ్వరం గానీ ఉంటే ఎప్పుడు వెళ్ళొచ్చో డాక్టరు చెప్పినట్టే చెయ్యి, టికెట్ మార్చడానికి డబ్బులు పోయినా సరే. జ్వరం వస్తే పారాసిటమాల్ చుక్కలు ఎన్ని వెయ్యాలో పాప బరువును బట్టి కాగితం మీద రాయించుకో. టీకాల కార్డు హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకో, డాలస్‌లో డాక్టరు మొదట అడిగేది అదే. ఈ జవాబు చదువుతున్న వాళ్ళలో ఎవరి పిల్లలకైనా ఆరు నెలలు నిండి ఉంటే, మీజిల్స్ టీకా ముందే వేయించాలా అని డాక్టరును అడగండి. విదేశీ ప్రయాణం చేసే 6 నుంచి 11 నెలల పిల్లలకు ఒక డోసు ముందే వేయించమని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది.

దగ్గు మందు సంగతి. వద్దు. ఒక్క చుక్క కూడా వద్దు. నిద్ర కోసం పసిపిల్లలకు దగ్గు, జలుబు మందులు వేయడం ప్రమాదం, ఊపిరి మీద దెబ్బ పడవచ్చు. కొందరు పిల్లలు ఆ మందుకు నిద్రపోకపోగా ఇంకా చిరాకు పడి ఏడుస్తారు. జలుబు మందుల్లో బాగా వాడే ఒక కాంబినేషన్‌ను నాలుగేళ్ళలోపు పిల్లలకు ఇవ్వకూడదని సీసా మీదే రాయమని 2023 డిసెంబరులో మన దేశ ఔషధ నియంత్రణ అధికారులు ఆదేశించారు. ఆంటీ మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, అయినా ఆ సీసా ఇంట్లోనే వదిలెయ్యి. ఏడాది నిండేదాకా తేనె నాకించడం కూడా వద్దు.

చెవుల సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే సగం భయం పోతుంది. విమానం లోపల గాలి ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు, ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. పైకి వెళ్ళేటప్పుడు చెవి లోపలి గాలి బయటికి సులువుగానే వస్తుంది. కిందికి దిగేటప్పుడు మాత్రం గాలి లోపలికి వెళ్ళాలి. చెవినీ గొంతునూ కలిపే సన్నటి గొట్టం తెరుచుకుంటేనే అది జరుగుతుంది, మింగినప్పుడు ఆ గొట్టం తెరుచుకుంటుంది. మనం గుటక వేస్తాం, ఆవలిస్తాం. పసిబిడ్డకు తెలిసిన గుటక పాలు తాగడమే. అందుకే దిగేటప్పుడు పాలు ఇవ్వాలి. చాలామంది తల్లులు చేసే పొరపాటు ఏమిటంటే, దిగడానికి గంట ముందే కడుపు నిండా పట్టేస్తారు. తీరా దిగేటప్పుడు బిడ్డ నోరు తెరవదు. విమానం నేలను తాకడానికి సుమారు అరగంట ముందే దిగడం మొదలవుతుంది. అది ఎప్పుడో ఎయిర్‌హోస్టెస్‌ను ముందే అడిగి పెట్టుకుని, పాపను అప్పటికి కొంచెం ఆకలిగా ఉంచు. నిద్రలో ఉంటే లేపి పట్టు. తాగనంటే శుభ్రంగా కడుక్కున్న చిటికెన వేలు నోట్లో పెట్టు, చప్పరిస్తుంది. అదీ కాదని ఏడిస్తే ఏడవనివ్వు. ఏడ్చేటప్పుడు కూడా పిల్లలు మింగుతారు, చెవులు తెరుచుకుంటాయి. ఆ ఏడుపు చూసి నువ్వు కంగారు పడకు. అత్తమ్మకు కూడా ఇదే చెప్పు, ఆవిడకు ధైర్యం వస్తుంది.

ఇక బాసినెట్. విమానంలో ముందు గోడకు బిగించే చిన్న తొట్టి అది. ఒక్కో విమానంలో కొన్నే ఉంటాయి. టికెట్ కొన్నంత మాత్రాన అది వచ్చేసినట్టు కాదు. ఇవాళే ఎయిర్‌లైన్స్‌కు ఫోన్ చేసి, టికెట్ నంబర్ చెప్పి, రెండు విమానాలకూ విడివిడిగా అడుగు. పాప బరువు అడుగుతారు. ఎక్కువ ఎయిర్‌లైన్స్‌లో పది, పదకొండు కిలోల దాకా అనుమతిస్తారు, నీ పాపకు ఆ ఇబ్బంది ఉండదు. చెక్-ఇన్ కౌంటర్‌లో మళ్ళీ అడుగు, ఎందుకంటే సీట్లు చివర్లో మారుతుంటాయి. ఆ వరుసలో ఒక చిక్కు ఉంది. ముందు సీటు ఉండదు కాబట్టి టేకాఫ్, ల్యాండింగ్ సమయంలో నీ బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టనివ్వరు, పైన పెట్టాలి. బెల్టు పెట్టుకుని కూర్చున్నాక పాప కక్కుకుంటే బ్యాగు అందదు. అందుకే ఒక చిన్న పౌచ్ విడిగా పెట్టుకో. అందులో ఒక డైపర్, నాలుగు వైప్స్, ఒక గుడ్డ, పాల సీసా ఉంటే చాలు. దాన్ని ఒంటి మీద అడ్డంగా వేసుకో.

బాసినెట్‌లో పాప గాఢంగా నిద్రపోతుంటే సీటు బెల్టు లైటు వెలిగిందని సిబ్బంది వచ్చి తియ్యమంటారు. నాకు మొదట్లో ఏడుపు వచ్చేది. కానీ విమానం ఒక్కసారి కుదిపితే తొట్టిలోని బిడ్డ పైకి ఎగిరిపోతుంది, కాబట్టి ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యకుండా ఒళ్ళోకి తీసుకో. నీ బెల్టుకు తగిలించే చిన్న బెల్టు పాపకు ఇస్తారు, అది ఎలా పెట్టాలో ఒకసారి చూపించమను. రెండో బెల్టు లేకుండా నీ బెల్టులోనే పాపను కలిపి బిగించకు, నీ బరువంతా దాని మీద పడుతుంది.

ఇప్పుడు నీ సంచి. పాప సంచి కంటే ముందు ఇది సర్దు.

తినడానికి తీసుకెళ్ళేవి ఒంటి చేత్తో తినగలిగేవి అయి ఉండాలి. రెండో చేతిలో పాప ఉంటుంది. నువ్వుండలు, పల్లీ పట్టీ, ఖర్జూరాలు, చిన్నగా చుట్టిన చపాతీలు. అమ్మ పులిహోర కలిపి ఇస్తే దుబాయ్‌లోపే తినెయ్యి. మిగిలింది డాలస్ దాకా మోయకు, అక్కడ ఏ తిండి వస్తువు ఉన్నా కస్టమ్స్‌లో చెప్పాలి. బియ్యం, పప్పులు లాంటివి మన దేశం నుంచి అసలు తేనివ్వరు, ధాన్యానికి పట్టే ఖాప్రా పురుగు భయం వాళ్ళకు. భోజనానికి ముందే ఫోన్ చేసి వెజ్ స్పెషల్ మీల్ పెట్టించుకుంటే అందరికంటే ముందు ట్రే వస్తుంది. ఆ సమయానికి పాప ఒళ్ళో ఉంటే ‘తర్వాత తింటాను, ఉంచండి’ అని చెప్పు. మొహమాటపడకు. నేను ఆ ఒక్క మాట అనలేకే పస్తులున్నాను.

లీటరు బాటిల్ ఒకటి ఖాళీగా తీసుకెళ్ళి, సెక్యూరిటీ దాటాక నింపుకో. విమానంలో గాలి చాలా పొడిగా ఉంటుంది, దానికి తోడు పాలిచ్చే ఒళ్ళు. గొంతు ఎండేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. పాలిచ్చిన ప్రతిసారీ నువ్వూ ఒక గ్లాసు నీళ్ళు తాగు. బాత్రూమ్ గురించి భయపడకు. పాప తొట్టిలో పడుకున్నప్పుడు పక్క సీటు వాళ్ళకు, సిబ్బందికి చెప్పి వెళ్ళిరా. మెలకువగా ఉంటే గుండెకు కట్టుకునే బేబీ క్యారియర్‌లో వేసుకునే వెళ్ళొచ్చు. ఇరుకే, కానీ కుదురుతుంది. హైదరాబాద్ నుంచి బయల్దేరే ఈ విమానాల్లో పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మమ్మలు, తాతయ్యలు తప్పక ఉంటారు. ఎక్కగానే చుట్టుపక్కల ఎవరున్నారో చూసి పలకరించు. ‘అమ్మా, ఒక్క ఐదు నిమిషాలు పాపను చూస్తారా’ అని అడిగితే కాదనేవాళ్ళను నేను ఇంతవరకూ చూడలేదు. వాళ్ళకూ ఇమిగ్రేషన్ దగ్గరో, బెల్టు పెట్టుకోవడం దగ్గరో నీ సాయం కావాల్సి వస్తుంది.

నీకు ఒక జత బట్టలు. మొత్తం కాకపోయినా ఒక కుర్తా, ఒక లెగ్గింగ్. పాప డైపర్ పక్కనుంచి కారితే తడిసేది నీ ఒళ్ళే. నాలుగు జతల బట్టలు పాపకు పెట్టి నీకు ఒక్కటీ పెట్టుకోకపోతే ఆ వాసనతో పదహారు గంటలు కూర్చోవాలి. ముందు బొత్తాలున్నవి వేసుకో, పాలివ్వడం సులువు. ఇంట్లో మెత్తబడ్డ నూలు చీర ఏదైనా ఉంటే సగం చింపి పెట్టుకో. పాలిచ్చేటప్పుడు చాటుకు, తొట్టిలో పరచడానికి, చలేస్తే కప్పడానికి, ఒక్క గుడ్డే అన్నిటికీ పనికొస్తుంది. మా అమ్మ చీర ముక్క తీసుకెళ్ళాను నేను. ఇల్లు వదిలి వచ్చాక కూడా ఆ వాసనకే బాబు నిద్రపోయేవాడు, ఉతకడానికి చాలా రోజులు మనసొప్పలేదు.

పాప సామాను గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు, నీ లిస్టు బాగుంది. ఇంటి నుంచి ఇంటికి సుమారు 30 గంటలు పడుతుంది. రెండు గంటలకొకటి చొప్పున డైపర్లు లెక్కేసుకుని పైన ఐదారు ఎక్కువ పెట్టు. దోమతెర తీసెయ్యి. డబ్బా పాలు ఒక పూట ఇస్తానన్నావు కదా, పౌడరును ఒక్కో సారికి సరిపడా చిన్న డబ్బాల్లో కొలిచి పెట్టుకో. వేడినీళ్ళు విమానంలో ఇస్తారు, బాగా కాగిన నీళ్ళలో కలిపి చల్లార్చి పట్టు. కలిపాక రెండు గంటలు దాటిన పాలు పారబొయ్యి. చేతి సామానులో ద్రవాలకు ఉండే 100 మిల్లీలీటర్ల రూలు పసిపిల్లల పాలకు, నీళ్ళకు వర్తించదు. దారికి సరిపడా తీసుకెళ్ళొచ్చు, సెక్యూరిటీలో విడిగా తీసి చూపించాలి. అయితే అమెరికా వెళ్ళే విమానాల్లో 350 మిల్లీలీటర్లకు మించిన పొడి వస్తువులు చేతి సామానులో ఉంటే చిక్కు. పాలపొడికి మినహాయింపు ఉంది గానీ సున్నిపిండికి, టాల్కమ్ పౌడరుకు, కారప్పొడికి లేదు. అవన్నీ సూట్‌కేసులో పెట్టెయ్యి.

సూట్‌కేసులంటే గుర్తొచ్చింది. 23 కిలోలవి రెండు పట్టుకెళ్ళొచ్చని ఇంట్లో అందరూ పచ్చళ్ళు, పొడులు, చుట్టాల పార్సిళ్ళు తెచ్చి ఇస్తారు. నా సలహా, ఒక్కటే తీసుకెళ్ళు. డాలస్‌లో మీ ఆయన బయట ఉంటారు. ఇమిగ్రేషన్ అయ్యాక బెల్టు మీద నుంచి సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి వచ్చేదాకా ఆయన లోపలికి రాలేరు. కడుపు కోసి ఆరు నెలలు కూడా కాని ఒళ్ళు, గుండె మీద పాప. 23 కిలోల పెట్టె నువ్వు వంగి లాగొద్దు. పక్కనున్న వాళ్ళను గానీ పోర్టరును గానీ అడిగి ట్రాలీ మీద పెట్టించుకో. రెండో పెట్టె తర్వాత ఎవరైనా వచ్చేటప్పుడు పంపొచ్చు.

కాగితాలు క్లుప్తంగా చెప్తాను. ఇద్దరి పాస్‌పోర్టులు, వీసాలు, పాప బర్త్ సర్టిఫికెట్, మీ పెళ్ళి సర్టిఫికెట్, ఆయన ఐ-797 (అమెరికా ఇమిగ్రేషన్ ఇచ్చే అనుమతి పత్రం) కాపీ, ఈ మధ్య జీతం స్లిప్పులు ఒకే ఫోల్డరులో ఉండాలి. తల్లిదండ్రుల్లో ఒక్కరే బిడ్డను తీసుకొస్తుంటే రెండోవారి సమ్మతి పత్రం నోటరీ చేయించి ఉంచుకోమని అమెరికా ఇమిగ్రేషన్ వాళ్ళు సూచిస్తారు. అడుగుతారని కాదు, అడిగితే చేతిలో ఉండాలి. మీ ఆయన అక్కడే నోటరీ చేయించి పంపొచ్చు. ఇంకా పాస్‌పోర్టు తీయని తల్లులకు ఒక మాట: చాలా ఆసుపత్రుల నుంచి బర్త్ సర్టిఫికెట్ బిడ్డ పేరు లేకుండానే వస్తుంది, ముందు మున్సిపాలిటీలో పేరు చేర్పించండి. దరఖాస్తులో ఇంటిపేరు, పేరు విడివిడి గడుల్లో నింపండి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే అమెరికా వీసా మీద పేరు ఎఫ్ఎన్‌యూ (అంటే పేరు తెలియదు) అని వచ్చి, తర్వాత ప్రతి ఆఫీసులోనూ వివరణ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

ప్రయాణం రోజు ఖమ్మంలో బయల్దేరొద్దు. కారులో శంషాబాద్ చేరేసరికే నాలుగైదు గంటలు, విమానం ఎక్కకముందే నువ్వు అలిసిపోతావు. ముందు రోజే హైదరాబాద్‌లో చుట్టాల ఇంటికి వచ్చి నిద్రపో. ఎయిర్‌పోర్టులో అమ్మావాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. వీడ్కోళ్ళు కారు దగ్గర కాకుండా ఇంట్లోనే కానిచ్చుకో. గుమ్మం దగ్గర అందరూ ఏడుస్తుంటే పాప బెదురుతుంది. లోపల సెక్యూరిటీలో పాపను క్యారియర్‌లోంచి తియ్యమంటారు, క్యారియర్ కూడా స్కానర్‌లోకి వెళ్తుంది. ఆడవాళ్ళ తనిఖీ తెర వెనక పాపతోనే జరుగుతుంది. అందుకే చెవులకు, చేతులకు బంగారం తగ్గించుకో, పాపకు మొలతాడు చాలు.

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి నాలుగు గంటలే. దాన్ని అభ్యాసంగా చూడు. అక్కడ మళ్ళీ సెక్యూరిటీ ఉంటుంది. చిన్నపిల్లలను తోసుకెళ్ళే బండ్లు ఎయిర్‌పోర్టులోనే ఉచితంగా దొరుకుతాయి, కనుక నీ స్ట్రోలర్ చెక్-ఇన్‌లో వేసేసి క్యారియర్ ఒక్కటే ఉంచుకో. ఒంటరి తల్లికి రెండు చేతులూ ఖాళీగా ఉండటం ముఖ్యం. దుబాయ్‌లో మొహం కడుక్కుని, కుర్తా మార్చుకుని, కూర్చుని భోంచెయ్యి. కాసేపు నడువు, ఆ తర్వాత పదహారు గంటలు కూర్చోవాలి. బోర్డింగ్‌కు పసిపిల్లల వాళ్ళను ముందు పిలుస్తారు, వెళ్ళిపో.

పెద్ద విమానంలో పాప తొట్టిలో పడుకున్న మొదటి నిమిషం నుంచే నువ్వూ కళ్ళు మూసుకో. సినిమా వద్దు, ఫోన్ వద్దు. అది ఒకేసారి మూడు గంటలు పడుకుంటుందో, నలభై నిమిషాలకే లేస్తుందో చెప్పలేం.

ఏడుస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు తప్పకుండా ఏడుస్తుంది. అప్పుడు సీట్లో కూర్చుని ఊపడం కంటే లేచి వెనక వంటగది దగ్గరికి వెళ్ళు. అక్కడ ఇంజిన్ హోరు ఎక్కువ, పిల్లలకు అది జోల లాంటిది. భుజాన వేసుకుని నెమ్మదిగా అటూ ఇటూ అడుగులు వెయ్యి, నీకు తెలిసిన లాలిపాట చెవి దగ్గర పాడు. పక్కవాళ్ళు ఏమంటారో అన్నావు. ఒకరిద్దరు మొహం చిట్లిస్తారు. మిగతా వాళ్ళలో సగం మంది పిల్లల్ని పెంచినవాళ్ళే. క్షమించండి అని ఒక్కసారి అను, చాలు. పదే పదే అందరి మొహాలు చూస్తుంటే నీ చేతులు బిగుసుకుంటాయి, ఆ బిగువు పాపకు తెలుస్తుంది. పాప ఏడవడం నీ తప్పు కాదమ్మా.

డాలస్‌లో ఇమిగ్రేషన్ దగ్గర నీ వేలిముద్రలు తీసుకుంటారు, పాపవి తీసుకోరు. పిల్లలున్న వాళ్ళకు వేరే వరుస ఉందేమో అక్కడి సిబ్బందిని అడుగు. తల తిరుగుతున్నట్టు అనిపిస్తే నాలాగా పడిపోయేదాకా ఆగొద్దు, అక్కడే చెప్పి కూర్చో. ఇంటికి వెళ్ళాక ఒకటి రెండు రోజుల్లో ఇద్దరి ఐ-94లూ (దేశంలోకి వచ్చినట్టు, ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) ఆన్‌లైన్‌లో తీసి తేదీలు, పేర్ల స్పెల్లింగ్ సరిచూసుకోండి.

మీ ఆయనకు ఇవాళే ఒక పని చెప్పు. కారు వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటు కొని బిగించి ఉంచమను. పాపను ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వెళ్ళడం అక్కడ కుదరదు. టెక్సాస్‌లో 8 ఏళ్ళలోపు పిల్లలు, 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు దాటితే తప్ప, చైల్డ్ సీటు లేకుండా కారెక్కకూడదు. ఆ సీటు బిగించడం చూసినంత సులువు కాదు. ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో నిన్ను నిలబెట్టి నేర్చుకోకుండా, వారం ముందే బిగించి చూసుకోమను.

జూన్‌లో ఖమ్మానికీ డాలస్‌కూ పదిన్నర గంటల తేడా. పాపకు అర్ధరాత్రి పగలవుతుంది. వారం, పది రోజులు ఇలాగే ఉంటుంది. పొద్దున్నే కిటికీ తెరలు తీసి వెలుతురులో ఉంచు, రాత్రి లేచినప్పుడు దీపం వెయ్యకుండా, మాట్లాడించకుండా పాలు పట్టు. మొదటి మూడు రాత్రులు పాలిచ్చాక పాపను మీ ఆయన చేతికిచ్చి నువ్వు పడుకో. ఐదు నెలలుగా ఫోన్‌లో చూసిన కూతుర్ని ఎత్తుకుని రాత్రంతా తిరగడానికి ఆయన ఎదురు చూస్తూ ఉంటారు.

డాలస్‌లో పొద్దున పదింటికి బయటికి వస్తే ఖమ్మంలో రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది. అమ్మ అన్నం ముందు కూర్చుని తినకుండా ఫోన్ వైపే చూస్తూ ఉంటుంది. కారు కదలకముందే ఒక్క కాల్ చెయ్యి. పాప ఎలా ఉందని అడుగుతుంది. నువ్వు ఏం తిన్నావో కూడా చెప్పు.